ఓట్లకు లెక్కుంది, పిల్లల ఆటకు లేదు

వానాకాలం బడులు కుదురుకునే వేళకు జిల్లా పత్రికల లోపలి పుటల్లో ఒక చిన్న వార్త వస్తుంది. అండర్-14 ఫుట్‌బాల్ ఎంపిక పోటీలు ఫలానా తేదీన ఫలానా జూనియర్ కళాశాల మైదానంలో జరుగుతాయనీ, ఆధార్ కార్డు, జనన ధ్రువీకరణ పత్రం, బోనఫైడ్ పట్టుకుని ఉదయం 8 గంటలకల్లా హాజరు కావాలనీ అందులో ఉంటుంది. కింద జిల్లా సంఘం కార్యదర్శి పేరు. ఎంతమందిని తీసుకుంటారు, ఎవరు తీసుకుంటారు, ఏం చూసి తీసుకుంటారు, కాదన్న పిల్లవాడు ఎవరిని అడగాలి అన్నవి మాత్రం ఉండవు. ఏటా ఉండవు. లేవని అడిగినవారూ కనిపించరు.

పద్నాలుగేళ్ల వాడికి ఇది ఒక ఉదయం కథ కాదు. ఆ జట్టులో చోటు దొరికితే రాష్ట్రస్థాయి, ఆపైన జాతీయస్థాయి, దాని వెంట ఒక సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్ వెంట కళాశాల సీటులోనో రైల్వే ఉద్యోగంలోనో క్రీడాకోటా. కూలి మానుకుని కొడుకును బస్సెక్కించిన తండ్రికి ఈ వరుస బాగా తెలుసు. కాబట్టి ఎంపిక మైదానంలో పంచేది ఆటలో అవకాశం మాత్రమే కాదు, కొంత ప్రజాధనం, కొంత ప్రభుత్వోద్యోగం కూడా. వీటిని పంచే పద్ధతి కాగితం మీద లేకపోవడం రాజకీయ ప్రశ్న. దీన్ని ఆటల పేజీకి వదిలేయడం వల్లనే ఇన్నాళ్లు ఎవరికీ జవాబు చెప్పనవసరం లేకుండా నడిచింది.

ఈ దేశంలో ఫుట్‌బాల్ గురించి రాజకీయ చర్చ జరగలేదా అంటే, కావలసినంత జరిగింది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్ష పీఠం మీద కాంగ్రెస్ నాయకుడు ప్రియరంజన్ దాస్‌మున్షీ దాదాపు రెండు దశాబ్దాలు కూర్చున్నారు. ఆయన తర్వాత ఎన్సీపీ నాయకుడు ప్రఫుల్ పటేల్ వచ్చి, పదవీకాలం ముగిసినా కదలలేదు. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఎన్నికను కొట్టివేసింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేసింది. 2022 మే నెలలో సుప్రీంకోర్టే పాలకుల కమిటీని వేసింది. బయటివారి జోక్యం పేరుతో ఆ ఆగస్టులో ఫిఫా సస్పెండ్ చేసి, పది రోజులు గడిచాక ఎత్తివేసింది. సెప్టెంబరు 2న జరిగిన ఎన్నికలో భారత జట్టు మాజీ సారథి బైచుంగ్ భూటియాకు ఒక్క ఓటు, బీజేపీ నాయకుడూ మాజీ గోల్‌కీపరూ అయిన కల్యాణ్ చౌబేకు 33 ఓట్లు వచ్చాయి. సమాఖ్య రాజ్యాంగం ముసాయిదా బాధ్యతను తెలుగువారైన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించారు. దాన్ని కొన్ని మార్పులతో ఆమోదిస్తూ 2025 సెప్టెంబరు 19న తీర్పు చెప్పిన ధర్మాసనానికి నేతృత్వం వహించినది మరో తెలుగువారు, జస్టిస్ పి.ఎస్. నరసింహ.

మూడు పార్టీలు, రెండు న్యాయస్థానాలు, ఎనిమిదేళ్ల వ్యాజ్యం. ఎవరు ఓటెయ్యాలి, ఎన్నేళ్లు పదవిలో ఉండాలి, మాజీ క్రీడాకారులకు సభలో ఎన్ని స్థానాలు దక్కాలి అన్నవి తేల్చడానికి దేశం ఇంత శ్రమపడింది. పడవలసిందే, తప్పేమీ లేదు. అయితే పీఠం కోసం జరిగిన ఈ పోరులో జిల్లా మైదానంలో వరుస కట్టి నిలబడ్డ పిల్లవాడి ప్రస్తావన ఏ పక్షం వాదనలోనూ ప్రధానం కాలేదు. దాస్‌మున్షీ కాలంలో పిల్లల్ని ఎలా ఏరారో పటేల్ కాలంలోనూ అలాగే ఏరారు, చౌబే కాలంలోనూ అలాగే ఏరుతున్నారు.

ఎన్నిక ఎలా జరగాలో ఈ దేశానికి తెలియక కాదు. ఓటర్ల జాబితా ముందే ప్రకటిస్తారు, అభ్యంతరాలకు గడువు ఇస్తారు. పోలింగ్ కేంద్రంలో అన్ని పక్షాల ఏజెంట్లూ కూర్చుంటారు. పోలైన ఓట్ల లెక్కను ఫారం 17సిలో రాసి వారి చేతికి ఇవ్వాలని నిబంధన. ఇంత ఉన్నా అనుమానాలు వస్తూనే ఉన్నాయి, ఆ అనుమానాల మీద పార్లమెంటు స్తంభిస్తూనే ఉంది. మరి ఇందులో ఏ ఒక్కటీ లేని ఎంపికను మూడు వందల మంది పిల్లల తల్లిదండ్రులు నోరెత్తకుండా ఒప్పుకోవాలని క్రీడాసంఘాలు ఏ ధైర్యంతో కోరుతున్నాయి?

ఆ ఉదయం ఏం జరుగుతుందో చూస్తే ధైర్యం ఎక్కడిదో అర్థమవుతుంది. ఎనిమిదింటికి రమ్మన్న చోట నిర్వాహకులు తొమ్మిదిన్నరకు వస్తారు. స్థానిక నాయకుడు వచ్చి బంతిని తన్ని ఫొటో దిగేసరికి పదిన్నర. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఎత్తు చూసి ఒక విడత పక్కకు పంపేస్తారు. మిగిలినవారిని పదకొండేసి మందిగా విడగొట్టి పెద్ద మైదానంలో పావుగంటో ఇరవై నిమిషాలో ఆడిస్తారు. ఒంటి మీద అంకె ఉండదు కనుక గట్టు మీది వారికి పేరు తెలిసిన పిల్లలే కనిపిస్తారు. పేరు తెలిసేది వారి దగ్గరే శిక్షణ తీసుకునేవాళ్లకు, వారి బడిలో చదివేవాళ్లకు, వారి స్నేహితుల పిల్లలకు. దూరపు మండలం నుంచి వచ్చినవాడు రెక్క పక్కన నిలబడి బంతి కోసం ఎదురుచూస్తాడు. పరిచయం లేనివాడికి పాస్ ఇవ్వకూడదని తోటి పిల్లలకు ఎవరూ నేర్పనవసరం లేదు, అక్కడ పోటీయే అలాంటిది. ఇరవై నిమిషాల్లో మూడుసార్లు బంతి తగిలి, అందులో ఒకటి పొరపాటయితే అతని సంవత్సరం అయిపోయినట్టే. మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకరు కాగితం చూసి పేర్లు చదువుతారు. ఆ కాగితం జేబులోకి పోతుంది. మళ్లీ ఎవరికీ కనిపించదు.

దీన్ని అవినీతి అనేస్తే సులువుగా ఉంటుంది. చాలాచోట్ల డబ్బు చేతులు మారదు. ఆ గట్టు మీద కూర్చున్న పీఈటీలో, మాజీ ఆటగాళ్లలో జీతం ముట్టకుండా ఎండలో రోజంతా నిలబడేవారు ఎందరో ఉన్నారు. అన్యాయం జరగడానికి దుర్మార్గుడు అక్కర్లేదు, పద్ధతి లేకపోతే చాలు. పద్ధతి లేని చోట మంచివాడు కూడా తనకు తెలిసినవాడినే ఎంచుకుంటాడు, పైగా అది ప్రతిభేనని నిజాయితీగా నమ్ముతాడు.

అందులోనూ కంటికి మొదట ఆనేది ఒడ్డూ పొడుగూ. కెనడా మనస్తత్వవేత్త రోజర్ బార్న్స్‌లీ 1980ల నడుమ ఐస్ హాకీ జట్లను పరిశీలించి, ఎంపికైనవారిలో సంవత్సరం తొలి నెలల్లో పుట్టినవారు అసాధారణంగా ఎక్కువ ఉన్నారని చూపించాడు. జనవరి ఒకటి వయోపరిమితికి గీత అయితే, జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికంటే పదకొండు నెలలు పెద్ద. పదమూడేళ్ల ప్రాయంలో పదకొండు నెలలంటే ఒక చొక్కా సైజు. పెద్దగా ఉన్నవాణ్ణి ప్రతిభావంతుడని తీసుకుంటారు, తీసుకున్నాక మంచి శిక్షణ ఇస్తారు, శిక్షణ వల్ల నిజంగానే మెరుగవుతాడు, చూశారా మా కన్ను అంటారు. ఐరోపా ఫుట్‌బాల్ అకాడమీలలోనూ ఇదే ధోరణి పదేపదే బయటపడింది. మన దగ్గర దీనికి ఇంకో మెలిక. పల్లెల్లో ఎందరి కాగితాల మీదో ఉన్న పుట్టినరోజు బడిలో చేర్చుకున్న నాడు మాస్టారు వేసిన జూన్ నెల తేదీ. కొందరికి కావాలనే వయసు తగ్గిస్తారు. కాగితం మీద ఒకే ఏడు వారయిన ఇద్దరి ఒంట్లో రెండేళ్ల తేడా ఉండవచ్చు. వయసు మోసం మీద కేంద్రం 2010లోనే నియమావళి తెచ్చింది. 2009 నుంచి ఫిఫా తన అండర్-17 పోటీలలో మణికట్టు ఎమ్మారై స్కాన్ తీయిస్తోంది. జిల్లా మైదానానికి స్కాన్ రాదు. ఎత్తు చూసి విడగొట్టే ఆ మొదటి వరుసను రద్దు చేయడానికి మాత్రం ఏ యంత్రమూ అవసరం లేదు.

ఇక్కడ సంఘాల వారు వినిపించే వాదన ఒకటుంది. ఆట లెక్కల్లో తేలేది కాదు, అనుభవజ్ఞుడి కన్ను చాలు అంటారు. హైదరాబాదులో అయితే వెంటనే రహీం సాబ్ పేరు తీస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఏ మార్కుల పట్టిక చూసి తులసీదాస్ బలరామ్‌ను పట్టుకున్నారు అని అడుగుతారు. వాదనలో బలముంది కనుక తేలిగ్గా తోసిపుచ్చకూడదు. 1951 ఢిల్లీలోనూ 1962 జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన కన్ను అది. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడ పేదింటి కుర్రవాడు బలరామ్ ఆ ఒలింపిక్స్‌లోనూ, 1960 రోమ్‌లోనూ, 1962 స్వర్ణ జట్టులోనూ ఆడాడు.

అయితే ఆ కన్ను ఒక్క ఉదయం చూసి తేల్చిన కన్నేనా? రహీం బడిపంతులు. 1940ల తొలినాళ్ల నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. పిల్లలు ఆడేందుకు పోటీలు పెట్టడమే ఆయన పని. బంతిని సొంతం చేసుకుని పరుగెత్తకుండా పాస్‌ల మీదనే ఆడాలన్న షరతుతో కూడా కుర్రకారుకు పోటీలు నడిపారు. అంటే ఏం చూడదలిచాడో ముందే చెప్పి, అది బయటపడేలా ఆటను అమర్చి, వారాల తరబడి చూశాడు. జంటనగరాల్లోని చిన్నాచితకా మైదానాల నుంచి ఆటగాడు పైకి రావడానికి తోవ ఏర్పడింది అందువల్ల. ఈనాటి కార్యదర్శులు ఆ శ్రమను వదిలేసి కన్నును మాత్రం వారసత్వంగా తీసుకున్నారు. రహీం తర్వాత హైదరాబాదు ఫుట్‌బాల్ ఏమైందో 'మైదాన్' సినిమా చూసి కన్నీరు పెట్టుకున్నవారికి వేరే చెప్పాలా?

ఒక్క రోజు కన్ను ఎంత తప్పగలదో 2017లో దేశమంతా చూసింది, గుర్తించలేదు. ఆ అక్టోబరులో అండర్-17 ప్రపంచకప్ భారత్‌లో జరిగింది. జట్టు కోసం రెండు మూడేళ్లు దేశమంతా గాలించారు, విదేశాలు తిప్పారు, కోచ్‌ను మార్చారు. అంత వెతుకులాట తర్వాత నిలిచిన జట్టును పంజాబ్‌లోని మినర్వా అకాడమీ పిల్లలు సన్నాహక మ్యాచ్‌లో ఓడించారు. ఆ తర్వాతే కొత్త కోచ్ లూయీస్ నార్టన్ డి మాటోస్ వారిలో కొందరిని జట్టులోకి తీసుకున్నాడు. వారిలో ఒకడు మణిపుర్ కుర్రవాడు జీక్సన్ సింగ్. అక్టోబరు 9న కొలంబియా మీద తలతో కొట్టి, ఫిఫా ప్రపంచకప్ చరిత్రలో భారత్ తరఫున తొలి గోల్ చేసినవాడు అతనే. ఎంపికలు విడిచిపెట్టిన వాణ్ణి మ్యాచ్ చూపించింది. ఇరవై నిమిషాల పరీక్షకూ, పిల్లవాడు తనవాళ్లతో కలిసి తొంభై నిమిషాలు ఆడే ఆటకూ ఉన్న తేడా అది. మినర్వా వాళ్లతో ఆ మ్యాచ్ పెట్టకపోయి ఉంటే? ఇలా పెట్టని మ్యాచ్‌ల వల్ల పోయినవారి పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

నాటి జట్టులో ఎనిమిదిమంది మణిపుర్ వారు కావడమూ ఆలోచించదగిన విషయమే. మణిపుర్‌లో ఊరూరా క్లబ్బు ఉంది, లీగు ఉంది, పిల్లవాడు ఎంపిక రోజుకు వచ్చేనాటికి అతణ్ణి వందమంది చూసి ఉంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లాల్లో చాలాచోట్ల ఏడాదిలో పిల్లలు ఆడే పోటీ ఏమిటంటే ఎంపిక పోటీయే. ఆట లేని చోట ఎంపిక న్యాయంగా జరగదు. నిజామాబాదు జిల్లా తండా నుంచి గుగులోతు సౌమ్య భారత జట్టు దాకా వచ్చిందంటే దాని ఘనత ఆమెది, ఆమెను గుర్తించిన కోచ్‌ది. వ్యవస్థ ఆ ఘనతలో వాటా అడగడానికి వీల్లేదు. ఆడపిల్లల విషయంలో ఎంపికల అన్యాయం ఇంకా ముందే మొదలవుతుంది. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి లేని మైదానానికి, చీకటి పడితే బస్సు దొరకని ఊరికి ఆమెను పిలవడమే సగం కొట్టివేత. 2022 అండర్-17 మహిళా ప్రపంచకప్‌లో భారత సారథి, ఝార్ఖండ్ గుమ్లా జిల్లా పిల్ల అష్టం ఉరావ్ ఊరికి ఆ టోర్నీ వేళనే రోడ్డు వేశారు. ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులు దినకూలీలు. అంత పైకి వచ్చాక రోడ్డు వేసే ప్రభుత్వం, ఎంపికకు వచ్చే పిల్లకు బస్సు చార్జీ ఇవ్వదు.

పద్ధతిగా జరపాలంటే కోట్లు కావాలన్న మాట అబద్ధం. మూడు వందల మందినీ పెద్ద మైదానంలో ఇరవై ఇద్దరేసి చొప్పున ఆడిస్తే పద్నాలుగు విడతలవుతుంది. ఇరవై నిమిషాల చొప్పున నాలుగు గంటల నలభై నిమిషాలు పోతాయి, ఒక్కొక్కరికి దక్కేది ఒక్క ఆట. అదే మైదానాన్ని సున్నపు గీతలతో నాలుగు చేసి, ఐదుగురికి ఐదుగురు చొప్పున ఆడిస్తే ఒక్కసారికి నలభైమంది ఆడతారు. రెండు గంటల నలభై నిమిషాల్లో అందరూ ఒక చుట్టు ఆడేస్తారు. సాయంత్రానికి జట్లు మార్చి రెండో చుట్టు కూడా పూర్తవుతుంది. ఐదుగురి ఆటలో బంతి నుంచి ఎవరూ దాక్కోలేరు, ఎవరినీ దాచిపెట్టలేరు. దీనికి కావలసింది సున్నం, అంకెలు రాసిన బనియన్లు, నాలుగు విజిళ్లు. స్థానిక నాయకుడికి కొనే శాలువా, పూలదండల ఖర్చుతో ఇందులో సగం వచ్చేస్తుంది.

ఇంకొంచెం నిజాయితీ ఉంటే మిగతాదీ కష్టం కాదు. ఏం చూస్తారో వార్తా ప్రకటనలోనే చెప్పాలి. బంతి అందుకునే తీరు, బంతి లేనప్పుడు కదిలే తీరు, తప్పు చేశాక తేరుకునే తీరు, ఇలా నాలుగైదు మాటల్లో. చూసేవారు ముగ్గురికి తగ్గకూడదు, కనీసం ఇద్దరు పక్క జిల్లా వారై ఉండాలి. తన శిష్యుడికీ తన పిల్లవాడికీ మార్కు వేసే హక్కు ఎవరికీ ఉండకూడదు. తమలో తాము మాట్లాడుకోక ముందే ముగ్గురూ అంకెకు ఎదురుగా మార్కు రాసి సంతకం పెట్టాలి. గీతకు అటూఇటూ నిలిచిన ముప్పై నలభై మందిని మరో రోజు మళ్లీ పిలవాలి, జ్వరంతో వచ్చినవాడికీ బస్సు తప్పినవాడికీ అదే రెండో అవకాశం. గోల్‌కీపర్లను విడిగా చూడాలి. ప్రస్తుతం వారిని చూసే పద్ధతి, పొడుగ్గా ఉన్నవాణ్ణి గోల్లో నిలబెట్టడం. ఫలితాన్ని బనియను అంకెలతో గోడకు అంటించాలి, ఎవరి మార్కుల కాగితం వారి చేతికే ఇవ్వాలి. పన్నెండేళ్ల పిల్లల ర్యాంకులను ఊరంతా చదువుకోనక్కర్లేదు. వారం లోపు అభ్యంతరం చెప్పుకునే వీలు, దానికి రాతపూర్వక జవాబు. ఇంతే. ఈ మాత్రానికి విదేశీ నిపుణుడు దిగిరావాలా? 2023 నవంబరులో భువనేశ్వర్‌లో ఫిఫాతో కలిసి పెట్టిన అకాడమీని ప్రారంభించడానికి ఆర్సెన్ వెంగర్ వచ్చి వెళ్లారు. సంతోషమే. ఆ అకాడమీకి పిల్లల్ని అందించవలసిన జిల్లా మైదానాల్లో అంకెల బనియన్లు లేవు.

చట్టం ఆదుకుంటుందని ఎదురుచూసేవారు 2025 జాతీయ క్రీడా పరిపాలన చట్టాన్ని ఒకసారి చదవాలి. ఆ ఆగస్టులో ఉభయసభలూ రెండు రోజుల్లో ఆమోదించిన ఈ చట్టం జాతీయ క్రీడా బోర్డు పెట్టింది, ఎన్నికల పర్యవేక్షణకు ప్యానెల్ పెట్టింది, వివాదాలకు ట్రిబ్యునల్ పెట్టింది. ట్రిబ్యునల్ మీద అప్పీలు సుప్రీంకోర్టుకు. ఆసిఫాబాదు పిల్లవాడు తనను ఎందుకు తీసేశారని అడగడానికి ఆ మెట్లెక్కాలి కాబోలు. సమాచార హక్కు మాటా చూద్దాం. ప్రభుత్వ నిధులు పొందే గుర్తింపు పొందిన క్రీడాసంస్థ, ఆ నిధుల వినియోగం వరకే సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని రాశారు. అంటే బనియన్లు ఎంతకు కొన్నారో అడగవచ్చు, వాటిని తొడుక్కున్న పిల్లలకు ఎన్ని మార్కులు వేశారో చెప్పం అనవచ్చు.

పెద్దల విషయంలోనే కోర్టులు ఎంతవరకు వస్తాయో 2023 జూలైలో తేలింది. హాంగ్జౌ ఆసియా క్రీడలకు వినేశ్ ఫోగట్, బజరంగ్ పునియాలను ట్రయల్స్ లేకుండా నేరుగా పంపుతామన్నప్పుడు అంతిమ్ పంఘాల్, సుజీత్ కల్కల్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. పిటిషన్ నిలవలేదు. తర్వాత వినేశ్ గాయపడి తప్పుకుంటే అంతిమ్ వెళ్లి కాంస్యం తెచ్చింది. వీధిలో కూర్చుని లైంగిక వేధింపుల మీద పోరాడిన వినేశ్ పట్ల దేశానికి ఉన్న గౌరవం వేరు, అంతిమ్ అడిగిన ప్రశ్న వేరు. నన్ను అందరితో పాటు ఆడనివ్వండి అన్నది ఆమె అడిగినది. జాతీయస్థాయి మల్లయోధురాలు లాయరును పెట్టుకుని అడిగితేనే దక్కని జవాబు, జిల్లా మైదానం గట్టు మీద తండ్రి అడిగితే దక్కుతుందా? అడిగిన తండ్రికి వచ్చే ఏడు కొడుకు పేరు ఏమవుతుందో తెలుసు. అందుకే అడగడు.

ఢిల్లీ వైపు చూడకుండానే చేయగలిగినది చాలా ఉంది. ఎంపిక నియమాలు రెండు పేజీల్లో రాసి ఆమోదించుకోవడానికి ఏ రాష్ట్ర సంఘానికీ సమాఖ్య అనుమతి అవసరం లేదు, ఏ చట్టమూ అడ్డు చెప్పదు. క్రీడాకోటా కింద సీట్లూ ఉద్యోగాలూ ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వాలే కనుక, వాటి చేతిలో మరింత పదునైన ఆయుధం ఉంది. ఎంపిక మార్కుల కాగితాలు జతచేయని సర్టిఫికెట్‌ను కోటాకు పరిగణించబోమని ఒక్క జీవో ఇస్తే, కాగితాలు జేబుల్లోంచి వాటంతట అవే బయటికి వస్తాయి. అమరావతిలోనూ హైదరాబాదులోనూ కొత్త క్రీడావిధానాలు ప్రకటించిన ప్రభుత్వాలే ఉన్నాయి. స్టేడియాల గురించి, పతక విజేతలకు ఇచ్చే నజరానాల గురించి వాటిలో ధారాళంగా రాసుకున్నారు. ఈ జీవో ముసాయిదా ఏ మంత్రి బల్ల మీద ఉందో రెండు రాష్ట్రాల శాసనసభ్యుల్లో ఒక్కరైనా రాబోయే సమావేశాల్లో అడగవచ్చు.